అచ్చు అక్షరం వదలని ఓరిన్ టీపుల్

మా పక్క పొలం ఓరిన్ టీపుల్‌కు ఒకటే జబ్బు. ఎక్కడ అచ్చు అక్షరం కనబడినా మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి తీరాలి. సగంలో ఆపమంటే తుమ్ము మధ్యలో ఆగిపోయినవాడిలా గిలగిల్లాడతాడు. పెన్సిల్వేనియా ఉత్తర కొండల్లో మా దారి పొడుగునా పదకొండు పాలరైతుల ఇళ్ళుంటే, పదకొండు ఇళ్ళూ ఆయన్ని చూసి నవ్వుకున్నవే. అందరికంటే ఎక్కువ నవ్వింది నేను. కాబట్టి ఈ నాలుగు మాటలూ నేనే రాయాలి.

నా మొగుడు డెల్బర్టూ ఓరినూ చిన్నప్పటి నుంచీ స్నేహితులు. దాణా మిల్లుకు ఇద్దరూ కలిసే వెళ్ళేవారు. ఓసారి డెల్బర్ట్ మా గొర్రెలకని ఒక బస్తా భుజానికెత్తుకున్నాడు. ఓరిన్ ఆ బస్తా వెనకాలే నడుస్తూ దాని మీది చదువు అందుకున్నాడు.

"మాంసకృత్తులు పదహారు శాతం. పీచు ఆరు శాతం. పొడిగా ఉన్న చోట ఉంచవలెను. రాగి కలిసినది, గొర్రెలకు పెట్టరాదు..."

డెల్బర్ట్ బస్తా దించి ఇంకొకటి ఎత్తుకున్నాడు. ట్రక్కులో కూర్చున్న నేను తల పట్టుకున్నాను.

"బస్తాని కూడా వదలవా మహానుభావా?"

"అచ్చేసినవాడు ఊరికే వేస్తాడా, ఆర్లీన్?" అన్నాడు.

శుక్రవారాలు చేపల వేపుడు తినడానికి ఊళ్ళో హోటలుకు వెళ్తే అక్కడా అదే తంతు. మొదటి సూప్ నుంచి చివరి ఆపిల్ పై దాకా, ధరలతో సహా మెనూ పారాయణం. వడ్డించే అమ్మాయి కాళ్ళు మార్చుకుంటూ నిలబడేది.

"పదకొండేళ్ళుగా అదే మెనూ ఓరిన్ గారూ. ఒక్క ముక్క మారలేదు."

"మారలేదని చదవకపోతే ఎలా తెలుస్తుందమ్మా?"

అగ్నిమాపక కేంద్రంలో చందాల కోసం పాన్‌కేకుల ఫలహారం పెట్టిన రోజున, గోడకున్న మంటలార్పే డబ్బా మీది సూచనలు కూడా చదివి వినిపించాడు. మా టేబుల్ మీద పాన్‌కేకులు చల్లారి అట్టముక్కలయ్యాయి.

ఇక గ్యాస్ లీజుల సంగతి. ఐదేళ్ళ కింద కంపెనీలు ఎగబడి వచ్చి, మా భూముల అడుగున ఉన్న గ్యాస్ తీసుకునేందుకు అందరితోనూ సంతకాలు పెట్టించుకున్నాయి. ఐదేళ్ళలో తవ్వకం మొదలుపెట్టకపోతే హక్కు మళ్ళీ రైతుదే. మా లీజు నేనే చదివి డెల్బర్ట్ చేత సంతకం పెట్టించాను. గ్యాస్ బావి ఎక్కడ తవ్వకూడదో రాయించుకోవాలన్న ఆలోచన నా బుర్రకు తట్టలేదు. పై బీడులో మా ఊట ఉంది. నలభై ఆరు ఆవులూ మేమిద్దరమూ తాగేది ఆ నీళ్ళే. లీజు ప్రకారం కంపెనీ దాని నెత్తిన యంత్రం పెట్టినా మేం నోరెత్తలేం. లీజు గడువు తీరిపోతే తప్ప ఊటకు రక్షణ లేదు. అది అక్టోబరు పద్నాలుగున తీరుతుంది.

గడువు దగ్గరపడేకొద్దీ కంపెనీ వాళ్ళ కాళ్ళకు చక్రాలు వచ్చాయి. ఎక్కడో ఒకచోట బుల్‌డోజరు దింపి నాలుగు గంపల మట్టి గోకితే తవ్వకం మొదలైనట్టే. బుల్‌డోజర్లు చాలని చోట కాగితాలు పంపారు. మా ఇంటికి కాగితం వచ్చింది పదకొండో తారీఖున. ఆ రోజు నేను మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రిలో ఉన్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. డెల్బర్ట్‌కు చదవడం రాదు. ఆ సంగతి ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసనుకునేదాన్ని. పరాయి మనిషి ముందు ఆ మాట ఒప్పుకోవడం కంటే సంతకం పెట్టెయ్యడమే నయమనుకునే రకం ఆయన.

నిగనిగలాడే బూట్లతో వచ్చిన కంపెనీ కుర్రాడు "చిన్న సవరణ సార్, మామూలు కాగితమే" అంటూ కలం అందించాడట. డెల్బర్ట్ పట్టుకున్నాడట కూడా. అంతలో ఓరిన్ ట్రాక్టరు గుమ్మం ముందు ఆగింది. నెత్తిన వానమబ్బులు, పొలంలో సగం కోసిన మొక్కజొన్న. కంపెనీ బండి మా సందులోకి తిరగడం చూసి, ఉన్నపళంగా వచ్చేశాడు.

"ఏంట్రా డెల్బర్ట్, అచ్చు కాగితంలా ఉందే! ఇటివ్వు."

"వద్దు సార్, మీకెందుకు శ్రమ?"

"మామూలు కాగితమేగా నాయనా, చదివితే అరిగిపోతుందా?"

చదివాడు. కంపెనీ చిరునామా, ఫోను నంబరు, పేజీ అంకెలతో సహా. పాలు పితికే వేళ మించిపోయి కొట్టంలో ఆవులు అరుస్తున్నాయి. కుర్రాడు మూడు కాఫీలు తాగాడు. నాలుగో పేజీలో వచ్చింది అసలు ముక్క. "పాత షరతుల మీదనే గడువు మరో ఐదేళ్ళు పొడిగించడమైనది." డెల్బర్ట్ కలం కింద పెట్టేశాడు. ఆ సాయంత్రం వాన కొట్టి ఓరిన్ మొక్కజొన్న నేలకు ఒరిగింది. దాని ఊసు ఆయన ఇవాళ్టికీ ఎత్తలేదు.

పద్నాలుగున ఇద్దరూ మా గేటు దగ్గర ట్రక్కులో కూర్చుని బుల్‌డోజరు కోసం రోడ్డు కాశారు. వస్తే ఆపే హక్కు లేదు, అయినా కూర్చున్నారు. ఓరిన్ ట్రక్కు వాడుక పుస్తకం అట్ట నుంచి అట్టకు చదివాడు. బుల్‌డోజరు రాలేదు. మర్నాటికి మా భూమి మాదైంది.

కర్ర పట్టుకుని నడవగలిగిన రోజున ఆపిల్ పై చేసుకుని ఓరిన్ ఇంటికి వెళ్ళాను. కిటికీలోంచి చూస్తే ఆయన పేపరు చదువుకుంటున్నాడు. టకటకా పేజీలు తిరుగుతున్నాయి. పెదవి కదలడం లేదు.

వాళ్ళావిడ ఫెర్న్ తలుపు తీసింది. "పైకి చదవడం లేదేంటి?" అని గుసగుసగా అడిగాను.

"ఇంట్లో ఎప్పుడు చదివారు గనక? అదంతా మీ ఆయనతో బయటికెళ్ళినప్పుడేగా!"

దాణా మిల్లూ, మెనూ, పాన్‌కేకులూ అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. నలభై ఏళ్ళు నేను నవ్వింది ఇందుకన్నమాట. లోపలికి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"నీ రుణం తీర్చుకోలేను ఓరిన్. ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"మూడో క్లాసు నుంచి. ఒకే బల్ల మాది," అన్నాడు నేల చూపులు చూస్తూ. "వాడితో అనకు. సిగ్గుపడతాడు."

అననని మాటిచ్చాను, నిలబెట్టుకున్నాను కూడా.

వసంతంలో ఇంకో కంపెనీ మనిషి కొత్త లీజు పట్టుకొచ్చాడు. పంతొమ్మిది పేజీలు. ఊటకు వెయ్యి అడుగుల లోపు గడ్డపార కూడా వెయ్యకూడదని రాయించాం. వంటింటి టేబుల్ చుట్టూ కూర్చున్నాం. ఓరిన్ అలవాటు ప్రకారం గొంతు సవరించుకుని, "అచ్చు చూస్తే నేను ఆగలేనండీ, ఏమీ అనుకోకండి..." అని మొదలుపెట్టబోయాడు. డెల్బర్ట్ చెయ్యెత్తి ఆపాడు.

"అబద్ధమండీ. చదవడం రానిది నాకు," అన్నాడు ఆ మనిషితో, తల ఎత్తి. "నలభై ఏళ్ళ నుంచి నా బదులు వీడు చదువుతున్నాడు. మీరు కోటు విప్పి కూర్చోండి, టైం పడుతుంది."

ఓరిన్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. డెల్బర్ట్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"కానియ్యరా. ఊట దగ్గర మాత్రం రెండుసార్లు చదువు."