కాలికింద బ్రేకు లేని బండి

శాలిబండ షేర్ ఆటోవాళ్లెవరూ బాలనర్సింహను ముందు సీట్లో కూర్చోబెట్టుకోరు. కారణం ఆయన కుడికాలు. దారికి మేకపిల్ల అడ్డం వచ్చిందా, డ్రైవరు కంటే ముందే ఆ కాలు నేలను తొక్కేస్తుంది. లేని బ్రేకును ఆయన అంత గట్టిగా తొక్కుతుంటే, ఉన్న బ్రేకు మీద డ్రైవరుకు నమ్మకం పోతుంది. "బాపూ, నీకు దండం పెడ్త, ఎనక కూసో," అంటారు.

బ్రేకులే ఆయన బతుకు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా శాలిబండ సందులో ఒక రేకుల షెడ్డు వేసుకుని, అరిగిపోయిన బ్రేకులకు కొత్త లైనింగు పట్టీలు వేస్తున్నాడు. ఆటోలు, పాల వ్యాన్లు, స్కూలు బస్సులు, ఒకసారైతే పెళ్లి బరాత్ బగ్గీకి కూడా వేశాడు. ఆ షెడ్డుకో రూలుంది. బ్రేకు వేసిన బండి ఎవరిదైనా సరే, ముందు ఆయన ఎక్కాలి, ఆయనతో పాటు భార్య రాజమణి ఎక్కాలి. ఒక రౌండు కొట్టి వచ్చాకే తాళంచెవి ఓనరు చేతికి ఇస్తాడు.

"నా పెండ్లాం కూసోని బండ్ల మంది పిల్లలెందుకు కూసోవాలె?" అన్నది ఆయన వాదన. తననొక మాట అడగకుండానే ఈ రూలులో కలిపేశాడని పెళ్లైన కొత్తలో రాజమణి పెద్ద లొల్లే చేసింది. తర్వాత అలవాటు పడిపోయింది. పాల వ్యాన్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ రౌండు పూర్తి చేసేది.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ హరిచందన అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. ఊరి బయట ఉన్న వినోదాల పార్కులో పనిచేస్తుంది. అక్కడి పెద్ద ఆటబండికి బ్రేకు లైనింగులు అరిగిపోయాయి. విదేశం నుంచి కొత్తవి రావాలంటే మూడు నెలలు పడుతుంది, దసరా సెలవులేమో నెత్తి మీదికొచ్చాయి. బాలనర్సింహ కొలతలు తీసుకుని ఆరు రోజుల్లో పట్టీలు తయారుచేశాడు. వాటిని బిగించడానికి రాజమణితో సహా పార్కుకు వెళ్లి, ఆ బండి నడిచే దారి చూసి బిత్తరపోయాడు.

"పట్టాలేవి మేడం?"

"పట్టాలుండవు అంకుల్. ఈ తొట్టిలోనే జారుతుంది."

నిలువునా సగానికి చీల్చిన పెద్ద గొట్టంలాంటి తొట్టి, నాలుగంతస్తుల ఎత్తు నుంచి మెలికలు తిరుగుతూ దిగుతోంది. అందులో ఒకరి వెనక ఒకరు కూర్చునే చక్రాల బండి.

"మరి స్టీరింగు?"

"గోడే స్టీరింగు. మలుపు రాగానే బండి గోడ మీదికి ఎక్కుతుంది, గోడే దాన్ని తిప్పుతుంది. మెల్లగా వస్తే కొంచెం ఎక్కుతుంది, జోరుగా వస్తే బాగా పైకి."

"మస్తు జోరుగొస్తే?"

"రాకూడదనే మలుపులకు ముందు మీ బ్రేకులు. అవి బండిలో ఉండవు, తొట్టి నేలలో ఉంటాయి. బండి మీదికి రాగానే పైకి లేచి, దాని అడుగునుండే ఇనుప బద్దను రెండు పక్కలా పట్టుకుంటాయి."

"గట్లయితె బండ్ల కూసున్నోని చేతుల ఏముంటది?"

"పట్టుకోవడానికి కడ్డీ ఉంటుంది అంకుల్."

బాలనర్సింహ తొట్టిని పైనుంచి కిందిదాకా ఇంకోసారి చూశాడు. పట్టీలైతే బిగించాడు. ఇసుక బస్తాలు పెట్టి బండిని ముప్ఫై సార్లు వదిలారు. బస్తాలు కిక్కురుమనకుండా కిందికి వచ్చాయి. కంప్యూటరు అంతా బాగానే ఉందని చూపించింది. "సంతకం పెట్టండి చాలు, మీరు ఎక్కక్కర్లేదు," అంది హరిచందన. గేటు బయట స్కూలు పిల్లలు అప్పటికే క్యూలో నిలబడి కేకలు పెడుతున్నారు.

సంతకం పెట్టేసి వెళ్లిపోవచ్చు. కానీ ముప్ఫై ఎనిమిదేళ్ల రూలు ఇక్కడికొచ్చి చెల్లకుండా పోతే, రేపు ఏ మొహం పెట్టుకుని షెడ్డు తెరుస్తాడు? పైగా రాజమణి కొంగు నడుముకు దోపుకుని, బండిలో రెండో సీట్లో కూర్చుని ఆయన కోసం చూస్తోంది.

ఎక్కాడు. గొలుసు బండిని పైదాకా లాక్కెళ్లి వదిలేసింది. ఆ తర్వాత ఏం జరిగిందో ఆయన చెప్పలేడు, ఎందుకంటే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చేతులు లేని స్టీరింగును కుడికీ ఎడమకీ తిప్పాయి. నోరు లాల్‌దర్వాజ అమ్మవారికి మలుపుకో కోడిని మొక్కింది. కుడికాలు ఎంతలా తొక్కిందంటే చెప్పు వారు పుటుక్కున తెగింది. ఐదు కోళ్లయ్యేసరికి బండి ఆగింది.

పార్కువాళ్లు చప్పట్లు కొట్టారు. హరిచందన కాగితం, పెన్ను చేతికిచ్చింది. బాలనర్సింహ మెల్లగా భార్యవైపు ఒరిగాడు. తను చూడనిది ఆమైనా చూసి ఉంటుందని ఆశ.

"రాజమణీ, బ్రేకులు ఎట్ల పట్టినయ్? చూసినవా?"

"నేనేం చూస్త? కండ్లు మూసుకున్న."

"ఎందుకే?"

"నువ్వు చూస్తున్నవ్ గద."

ఆ మాట ఆయన గుండెల్లో సూటిగా దిగింది. ఇన్నేళ్లూ ఆమె ఏ ధైర్యంతో తల వంచుకుని చిక్కుడుకాయలు వలిచిందో ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పెన్ను తిరిగి ఇచ్చేశాడు.

"మేడం, నేను టెస్టు చెయ్యలే," అన్నాడు, అందరికీ వినబడేలా. "భయమై కండ్లు మూసుకున్న. మల్ల ఎక్కుత."

చప్పట్లు కొట్టినవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. రాజమణి మాత్రం ఆయన్ని ఎగాదిగా చూసింది.

"అయితె నన్ను ఎవల మీద ఇడిసిపెట్టినవయ్యా?"

"తప్పయింది. ఈసారి తెరుస్త."

"పక్కానా?"

"పక్కా."

"అయితె నేను మూసుకుంట," అని మళ్లీ రెండో సీట్లో కూర్చుంది.

ఈసారి బాలనర్సింహ కళ్లు తెరిచే ఉన్నాడు. మలుపు దగ్గర బండి గోడెక్కడం, మలుపు దాటగానే తనంతట తానే తొట్టి అడుగుకు దిగిరావడం చూశాడు. తిప్పడానికి నిజంగానే ఏమీ లేదు. మొదటి బ్రేకు మెత్తగా పట్టింది, రెండోదీ అంతే. మూడోదాని మీదికి రాగానే కుడి పక్క ముందు పట్టింది, ఎడమ పక్క రెప్పపాటు ఆలస్యమైంది. నడుము కింద బండి ఒకింత పక్కకు ఒరిగింది.

"మూడోది. ఎడమ పక్క," అన్నాడు దిగీ దిగగానే.

"కంప్యూటరు ఓకే అంటోంది కదా అంకుల్?"

"ఆగిందా లేదా అన్నది దానికి తెలుస్తది బిడ్డా. ఎట్ల ఆగిందో కూసున్నోనికే తెలుస్తది."

విప్పి చూస్తే, ఎడమ పట్టీ ఒక చివర వెంట్రుకవాసి పొంగి ఉంది. తప్పు పార్కుది కాదు, ఆయన చేతిదే. ఆకురాయి తీసుకుని ఒంటి చెప్పుతో కూర్చుని రాకాడు. పిల్లలు గంటన్నర గేటు బయటే ఉండిపోయారు. టీచర్లు ఆలస్యానికి కారకుడెవరో కనుక్కుని మరీ వచ్చి తిట్టారు. రాకుతూనే అన్నీ పడ్డాడు. మూడోసారి ఎక్కి, రెండు పక్కలూ ఒక్కసారే పట్టడం చూసి, అప్పుడు సంతకం పెట్టాడు.

సాయంత్రం అఫ్జల్‌గంజ్‌లో శాలిబండ ఆటో ఎక్కబోతే, డ్రైవరు ఆయన్ని చూడగానే వెనక సీటు చూపించాడు. తెగిన చెప్పు ఒళ్లో పెట్టుకుని, రోడ్డు మీదే చూపు నిలిపి, బాలనర్సింహ ఒట్టికాలితో శాలిబండ దాకా బ్రేకు తొక్కుతూనే వచ్చాడు. పక్కన రాజమణి ఆయన భుజం మీద తల వాల్చి హాయిగా నిద్రపోయింది.