మేకుకు తగిలించని బిళ్ళ

మేకుల బోర్డు ఆలోచన నాదే. ఇది ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చాలామంది నన్ను ఓదార్చడానికి జరిగిన తప్పు అందరిదీ అన్నారు. నాకు అలాంటి ఓదార్పులు పడవు.

మాది భూపాలపల్లి. బాపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. నేను నర్సింగ్ చదివి జనగామలో ఒక ప్రైవేటు దవాఖానలో ఏడేళ్ళు ఆపరేషన్ థియేటర్లో పనిచేశాను. యుద్ధం జరుగుతున్న ఒక దేశానికి జీతం ఆశించకుండా వచ్చే నర్సులు కావాలని తెలిసి నేను దరఖాస్తు పెట్టినప్పుడు అమ్మ ఒంటికాలి మీద లేచింది.

"ఈడ రోగులు కరువైండ్రా? ఆడ బాంబులు పడుతున్నయని టీవీల చూస్తలేవా?" అంది.

"పోనియ్యి. నేను ఇన్నేండ్లు బాయిల దిగలేదా?" అన్నాడు బాపు.

అక్కడ మా దవాఖాన మూడంతస్తులది. సైరన్ మోగగానే రోగులను తీసుకుని అందరం నేలమాళిగలోకి దిగాలి. మొదటి వారంలోనే నాకు మతిపోయింది. బాంబులకు కాదు, ఆ గందరగోళానికి. ఎవరు దిగారో, ఎవరు పైన మిగిలారో ఎవరికీ తెలియదు. ఒకసారి దాడి ఆగాక పైకి వెళితే, వంటావిడ స్టోరు గదిలో ఇరుక్కుపోయి తలుపు బాదుతోంది. ఆమె మాతో లేదన్న సంగతే అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు బాపు పనిచేసిన బాయి గుర్తుకొచ్చింది. బాయిలోకి దిగేటప్పుడు ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను మేకు నుంచి తీసుకుపోతాడు. పైకి వచ్చాక మళ్ళీ అక్కడే తగిలిస్తాడు. మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. నేను నేలమాళిగ మెట్ల దగ్గర ఒక చెక్కకు మేకులు కొట్టించి, సిబ్బంది అందరికీ నంబర్లు వేసిన రేకు బిళ్ళలు ఇప్పించాను. కిందికి దిగగానే తగిలించాలి. ఖాళీ మేకు కనబడితే ఆ మనిషి ఇంకా పైనే ఉన్నట్టు లెక్క.

అక్కడి హెడ్ నర్సుకు యాభై దాటాయి. ఇదేమిటి, బడిపిల్లల హాజరా అని మొదట నవ్వింది. తర్వాత ఆ బోర్డును నాకంటే ఎక్కువ పట్టించుకుంది. బిళ్ళ మరిచిపోయిన డాక్టర్లను మెట్ల మీదే నిలబెట్టి కడిగేసేది. నేను జ్వరంతో పడిపోయినప్పుడు నా డ్యూటీ కూడా ఆమే చేసి, మధ్యమధ్యలో వచ్చి నాకు సూప్ తాగించేది. ఆ దేశంలో నాకు నా మనిషి అనిపించింది ఆమె ఒక్కతే.

ఒక మధ్యాహ్నం సైరన్ మోగింది. ముందు మెట్లు స్ట్రెచర్లతో నిండిపోయాయి. కాలు తీసేసిన ఒక ముసలాయన్ను వీపు మీద వేసుకుని నేను వెనక మెట్లు దిగి, లోపలి గదిలో పడుకోబెట్టాను. కుట్లు విడిపోయి రక్తం కారుతోంది. రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చున్నాను. నా బిళ్ళ జేబులోనే ఉంది. బోర్డు గోడకు అవతల, పది అడుగుల దూరంలో ఉంది. నేను చేయించిన బోర్డు నాకే గుర్తు రాలేదు.

పైన పెద్ద శబ్దమైంది. గోడల సున్నం రాలింది. కాసేపటికి రక్తం ఆగాక లేచి వెళ్ళి నా బిళ్ళ తగిలించాను. ఖాళీగా ఉన్న మేకు అదొక్కటే. బోర్డు నిండింది. ఎవరో చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అందరం క్షేమమే అనుకుని దాదాపు గంటసేపు అక్కడ కూర్చున్నాం. దాడి ఆగాక పైకి వెళితే మా వార్డుకు కిటికీలు లేవు. నా రోగుల మంచాల మధ్య హెడ్ నర్సు పడి ఉంది. మెడలో కిటికీ గాజుపెంకు దిగింది.

ఆమె పైకి వెళ్ళడం స్ట్రెచరు మోసే మనిషి ఒకతను చూశాడు. నా మేకు ఖాళీగా ఉందని చూసి నన్ను వెతకడానికి పోతున్నానని అతనితో చెప్పిందట. తన బిళ్ళ మాత్రం తీయలేదు. తర్వాత బోర్డు మీద ఆ బిళ్ళ చూసి, తిరిగి దిగే ఉంటుందని అతను అనుకున్నాడు. మేమంతా అలాగే అనుకున్నాం. ఆమె వెంటనే చనిపోలేదని, చాలాసేపు బతికే ఉందని డాక్టరు చెప్పాడు. కిందికి వెళ్ళి బోర్డు ముందు నిలబడ్డాను. అన్ని బిళ్ళలూ ఉన్నాయి. ఒకటికి రెండుసార్లు చూశాను. అన్నీ ఉన్నాయి.

ఆ నెలలోనే ఇంటికి వచ్చేశాను. కాటారం నుంచి చుట్టాలు వచ్చి యుద్ధం ముచ్చట్లు చెప్పమంటే తలనొప్పి అని ముసుగు తన్నాను. సన్మానం చేస్తామని వచ్చినవాళ్ళను కసిరి పంపాను. చివరికి ఒక పొద్దున ఇంటి అరుగు మీద బాపుకు మొత్తం చెప్పాను.

"ముందుగాల కింద ఎతుకలేదా బిడ్డా?" అని అంతా విన్నాక బాపు అడిగాడు.

నాకు అర్థం కాలేదు.

"బిళ్ళ లేకుంటె దబ్బున బాయిల దిగరు. ముందుగాల పైన ఎతుకుతరు. క్యాంటీన్ల సూస్తరు, ఇంటికి మనిషిని తోలుతరు. జేబుల ఏసుకొని మర్చిపోయెటోళ్లే ఎక్కువ. యాడ లేడని తేలినంకనే దిగుతరు. నువ్వు గా సంగతి చెప్పలేదా వాళ్లకు?"

"నాకు తెల్వది బాపు," అన్నాను.

నిజంగానే తెలియదు. చిన్నప్పుడు బాపుకు సద్ది తీసుకుపోయినప్పుడు ఆ బిళ్ళలు చూశాను, అంతే. మిగతాది ఎప్పుడూ అడగలేదు. సగం తెలిసినదాన్ని పట్టుకుపోయి అంతమంది ప్రాణాలకు కాపలా పెట్టాను. బాపు నా ముఖం చూసి, అనవసరంగా చెప్పానన్నట్టు తల దించుకున్నాడు.

ఆమె మెట్ల దగ్గర నిలబడి నన్ను పేరు పెట్టి ఒక్క కేక వేస్తే చాలు, గోడ అవతల నుంచి పలికేదాన్ని. ముందు ఆ కేక వేయాలని నేను ఆమెకు చెప్పలేదు.