క్రేన్ కింద నాన్న, కోర్టు పక్కన నేను

నేను బి.ఏ. పాసయ్యాను. ఏళ్లు గడిచినా, ఎవరూ అడక్కపోయినా, ఈ మాట చెప్పకుండా ఉండలేను. మా వాళ్లలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. పైగా అది ఉత్తి డిగ్రీ కాదు. చేజారిపోయిన బాస్కెట్‌బాల్‌ని నాకు మళ్లీ తెచ్చిపెట్టిన డిగ్రీ.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చి ఉక్కు కార్ఖానాలో ఖలాసీగా చేరాడు. పైన క్రేన్ నడిపే మనిషికి కింద నిలబడి చేత్తో సైగలు చెయ్యడం ఆయన పని. ఆ రొదలో ఎంత అరిచినా మాట వినపడదు. చూపుడువేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పితే 'ఎత్తు' అని. ఆ వేలి మీద రెండో అరచెయ్యి గొడుగులా పడితే 'ఎత్తు, కానీ నిదానంగా' అని. అరచెయ్యి నేలవైపు పెట్టి అటూఇటూ ఊపితే 'ఆపు' అని.

బారిడీహ్‌లో మా క్వార్టర్‌కి వచ్చాక కూడా ఆయన చేతులు డ్యూటీ దిగేవి కావు. అన్నం చాలంటే అరచెయ్యి ఊపేవాడు. అమ్మ గరిటె పట్టుకుని కసిరేది.

"ఇదేటి, నానేటి క్రేన్ తోలుతున్నాననుకున్నావా? నోరు నేదేటి నీకు?"

నాన్న నవ్వి, చారు కోసం 'దించు' అన్నట్టు వేలు కిందికి పెట్టి తిప్పేవాడు.

బళ్లో నా పొడుగు చూసి ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టులో వేశారు. మొదటి మ్యాచ్‌కి నాన్న డ్యూటీ బట్టల్తోనే సైకిల్ మీద వచ్చాడు. నేను వేసిన బంతులన్నీ రింగు దాకా పోకుండానే పడిపోతున్నాయి. చుట్టూ అందరూ హిందీలో అరుస్తున్నారు. నాన్న మాత్రం గీత అవతల నిలబడి, నోరు విప్పకుండా, వేలెత్తి తిప్పుతున్నాడు. నేను ఇంకాస్త పైకి వేశాను. బంతి వలలోంచి దిగింది.

ఇంటికొస్తూ సైకిల్ వెనక కూర్చుని అడిగాను. "నాన్నా, గేమ్ సమఝ్ మే ఆయా?"

"ఆటేటో నాకేటి తెలుసు? ఆ ఇనప రింగు పైనుంది, నువ్వు కిందకేత్తన్నావు. అంతే."

ఆ పొడుగే నాకు అన్నం పెట్టింది. ఇంటర్ అవగానే ఆటల కోటాలో ఉద్యోగం వచ్చింది. పేరుకి గుమాస్తాని, నిజానికి బంతాడటమే నా పని. పొద్దున్న కోర్టు, తర్వాత టైపు మిషను, సాయంత్రం మళ్లీ కోర్టు. జట్టుతో రైలెక్కి ఎన్ని ఊళ్లు తిరిగానో. తడి జెర్సీలు కిటికీ ఊచలకి కట్టి ఆరబెట్టుకునేవాళ్లం.

అమ్మ గొప్పలు చెప్తే పక్కింటావిడ బుగ్గలు నొక్కుకునేది. "బంతాటకి జీతమేటప్పా! మావోడు వీధంతా ఆడతన్నాడు, ఎవుడిత్తన్నాడు?"

అన్నీ బాగున్న రోజుల్లోనే, ఒక మ్యాచ్‌లో ఎగిరి దిగేటప్పుడు నా మోకాలు మెలిపడింది. ఇక గెంతకూడదన్నాడు డాక్టరు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. కట్టు విప్పాక మొదటిసారి లేవాల్సిన రోజు నాన్న నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. వేలెత్తాడు. దాని మీద రెండో అరచెయ్యి పెట్టాడు. నిదానంగా ఎత్తు. ఆ అరచేతినే చూస్తూ లేచాను.

ఉద్యోగం ఉంది, కుర్చీ ఉంది, కోర్టు లేదు. ఆగలేక సాయంత్రాలు మా మైదానంలో ఆడపిల్లలకి ఆట నేర్పడం మొదలుపెట్టాను. ఒకతె బెంగాలీ, ఒకతె సంతాలీ, ఇద్దరు ఒడియా వాళ్లు, ఒక పంజాబీ పిల్ల. పక్కన రోడ్డు మీద లారీలు. అరిచి అరిచి గొంతు పోయిన ఒక సాయంత్రం నాకు తెలియకుండానే వేలెత్తి తిప్పాను. బెంగాలీ పిల్ల బంతిని పైకి వేసింది. మర్నాటి నుంచి మైదానంలో మా భాష అదే.

మా ఆఫీసులో ఆటలు చూసే ఆఫీసరు ఒకరోజు మైదానానికి వచ్చి, కాసేపు చూసి, కోచ్‌గా తీసుకుంటామన్నాడు. అయితే ముందు కోచింగ్ శిక్షణకి వెళ్లాలి, దానికి డిగ్రీ ఉండాలి.

ప్రైవేటుగా బి.ఏ. కట్టాను. పాసైతే కోర్టు. లేకపోతే రిటైరయ్యేదాకా టైపు మిషనే.

"కాలేజీకెల్లకండా డిగ్రీ ఏటే? ఇంట్లో కూకుంటే వచ్చేత్తదా?" అనేది అమ్మ.

"హో జాయేగా, అమ్మా," అనేదాన్ని, నమ్మకం లేకుండానే.

పొద్దుటి షిఫ్టుకి లేచిన నాన్న నాకూ టీ పెట్టిచ్చేవాడు. ఆయనకి చదువు రాదు. చరిత్ర పుస్తకం తీసుకుని, ఇంకా చదవాల్సిన పేజీల మందం రెండు వేళ్లతో పట్టి చూసి, "తగ్గిందిలే" అని డ్యూటీకి పోయేవాడు.

ఫలితాలు పేపర్లో వచ్చిన రోజు బిష్టుపూర్‌లో దుకాణం ముందు నిలబడే వెతుక్కున్నాను. నా నంబరుంది! మళ్లీ చూశాను, ఉంది! దుకాణం అతనికి చూపించి "యే మై హూఁ" అన్నాను. "మిఠాయి ఏదీ?" అన్నట్టు చెయ్యి చాపాడు.

రెండు గంటలకి నాన్న షిఫ్టు దిగుతాడు. కార్ఖానా గేటు దగ్గరికి పోయాను. సైరన్ మోగింది. సైకిళ్లు వరదలా వచ్చేశాయి, ఒకటే బెల్లుల మోత. ఆ మధ్యలో నాన్న సైకిల్ నడిపించుకుంటూ కనిపించాడు. "నాన్నా!" అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు.

పేపరు చంకలో పెట్టుకుని, చెయ్యి ఎంత పైకి పోతే అంత పైకెత్తి, వేలు తిప్పాను.

ఆయన ఆగిపోయాడు. వెనకవాళ్లు "చలో చాచా!" అని విసుక్కుంటున్నారు. సైకిల్‌ని తుంటికి ఆనించి, నిజమేనా అన్నట్టు తనూ వేలెత్తాడు. నేను ఇంకా జోరుగా తిప్పాను, తిప్పుతూనే పరిగెత్తాను. అప్పుడాయన రెండో అరచెయ్యి వేలి మీద పెట్టాడు.

నిదానంగా.

దగ్గరికి నడిచి వెళ్లేసరికి కళ్లు తుడుచుకుంటూ కసిరాడు. "మోకాలు సూసుకోవే! అదీ పోతే ఆ పిల్ల గుంటలకి ఆట ఎవులు నేర్పుతారు?"

సైకిల్ వెనక ఎక్కమన్నాడు. తనకంటే పొడుగైన కూతురు, కాళ్లు నేలకి రాసుకుంటున్నాయి. బారిడీహ్ దాకా ఎదురైన ప్రతి మనిషికీ చెప్పాడు. హ్యాండిల్ మీదనుంచి చేతులు తియ్యకుండా, గొంతెత్తి, నోటితోనే.

"మా గుంట బియ్యే పాసయ్యింది! కోచయిపోతాది!"