విమానం గుమ్మంలో పన్నెండు జతలు

రెండో శనివారం పొద్దున్న ఆరున్నరకు ఘాజియాబాద్ కొత్త బస్టాండు దగ్గరి మెట్రో స్టేషన్‌లో నేనూ, పదకొండు మంది పిల్లలూ రైలెక్కాం. మా చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక వీళ్లకు తెలుగు చెప్పేది నేనే. తల్లులు ఎక్కువమంది నర్సులు. నా తెలుగు పిల్లలకు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. విమాన ప్రయాణం గురించి పాఠం మొదలుపెట్టాకే కాస్త కుదురుగా కూర్చుంటున్నారు. బోర్డింగ్ పాస్, సీటు బెల్టు, రెక్క పక్క కిటికీ, అన్నీ బొమ్మ గీసి మరీ చెప్పాను. చెప్పనిది ఒక్కటే. నేను ఇంతవరకూ విమానం ఎక్కలేదు.

పెళ్లయి భీమవరం నుంచి వచ్చి ఇరవై రెండేళ్లు. ప్రతి వేసవికీ ఊరికి అదే రైలు. "వచ్చే ఏడు తప్పకుండా" అని మా ఆయన అంటూనే ఉన్నారు. డాబా మీద బట్టలు ఆరేస్తూ విమానం చప్పుడు వినపడగానే తలెత్తుతాను. ఆ విమానం కనుమరుగయ్యేదాకా చేతిలో తడిబట్ట అలాగే ఉంటుంది.

ద్వారక అవతల ఖాళీ స్థలంలో ఒక పాత విమానాన్ని నిలబెట్టి పిల్లలకు ప్రయాణం నేర్పుతారని విని బయల్దేరాం. వెళ్లాలనుకునేవారు కశ్మీరీ గేట్‌లో ఒకసారి, న్యూఢిల్లీలో ఒకసారి మారాలి. చివరి స్టేషన్ బయట ఈ-రిక్షాలుంటాయి. మెట్రోలో తిననివ్వరు కాబట్టి మా ఇడ్లీలు స్టేషన్ మెట్ల మీదే అయిపోయాయి.

తొమ్మిదింటికి చేరాం. టైర్లు సగం మట్టిలో దిగబడి, ముక్కు ప్రహరీ గోడ వైపు పెట్టుకుని నిలబడి ఉంది విమానం. మెట్లెక్కి గుమ్మం దగ్గర ఆగాను. లోపల నీలం సీట్లు, వరసగా. ఏ ఆలోచనా లేకుండా చెప్పులు విడిచాను. చర్చి గుమ్మంలో ప్రతి ఆదివారం చేసే పనే. నన్ను చూసి పిల్లలూ విడిచారు. పన్నెండు జతలు.

అక్కడ పాఠం చెప్పే సునీత గారు నవ్వు ఆపుకోలేకపోయారు. "అరే దీదీ, పెహన్ లీజియే! ప్లేన్ మే కోయీ చప్పల్ నహీ ఉతార్‌తా." విమానంలో చెప్పులెవరూ విప్పరట, తొడుక్కోమంటున్నారు.

పదేళ్ల కీర్తన నా మొహంలోకి చూసింది. "ఆంటీ, ఆప్ కభీ ప్లేన్ మే నహీ బైఠీ?"

ఒక్కసారి ఎక్కానన్న అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "లేదమ్మా," అన్నాను. చెవులు వేడెక్కాయి.

"ఫిర్ పఢాతీ కైసే హై?" మరి పాఠం ఎలా చెబుతున్నానని.

"ఎక్కాలని ఎప్పట్నుంచో ఉంది. అందుకని దొరికిందల్లా చదివాను."

ఎవరూ నవ్వలేదు. రెక్క పక్క కిటికీ కోసం బోర్డు మీది బొమ్మలోనే కొట్టుకునేవాళ్లు, ఆ రోజు ఆ సీటు ఎవరూ ముట్టుకోలేదు. "ఆంటీ, మీరు కూర్చోండి," అంది కీర్తన, తెలుగులో. బెల్టు పెట్టుకోవడం నాకు చేతకాలేదు, తనే పెట్టింది. సునీత గారు మైకులో ప్రకటన చదివారు. విమానం కదలదని తెలుసు. కిటికీలోంచి కనపడేది కూడా ప్రహరీ గోడే. అయినా చేతులు సీటును గట్టిగా పట్టుకున్నాయి, ఏడుపొచ్చింది. నాకు ఇంత కోరిక ఉందని ఇరవై రెండేళ్లలో నేనే ఒప్పుకోలేదు.

ఒంటిగంట దాటాక తిరుగు రైలు. ఎయిర్‌పోర్ట్ స్టేషన్‌లో సూట్‌కేసులతో జనం ఎక్కారు. విమానంలో బూట్లు విప్పారా అని కీర్తన పక్కాయన్ని అడిగింది: "అంకుల్, ఆప్‌నే ప్లేన్ మే జూతే ఉతారే థే?"

"నహీ బేటా. క్యోం?" ఆయన తన బూట్లకేసి చూసుకున్నాడు. పిల్లలతో పాటు నేనూ నవ్వాను.

ధౌలా కువాన్ స్టేషన్ వచ్చేసరికి రైలు భూమిలోంచి పైకి వచ్చింది. దూరంగా చక్రాలు దించుకుంటూ ఒక విమానం. పిల్లలు దాన్ని చూడలేదు, నన్ను చూశారు.

"ఆంటీ, అసలు ప్లేన్ ఎక్కేటప్పుడు మాత్రం విప్పొద్దు," అంది కీర్తన.

సరే అన్నాను. కానీ ఆ రోజంటూ వస్తే, చెప్పులు చేత్తో పట్టుకునైనా సరే, వట్టి కాళ్లతోనే ఆ గుమ్మం దాటుతాను.