రాయికంటే ముందు నిలబడ్డ మనుషులు

1934 వేసవి. తాడేపల్లిగూడెంలో ఒక కంట్రాక్టరు దగ్గర ఎస్టిమేట్లు వేసేవాణ్ణి. అంటే రాయెంత, సున్నమెంత, నేల ఎంత బరువు మోస్తుందన్నది పని మొదలుపెట్టకముందే లెక్కకట్టడం. నాకిది బడిలో చెప్పినవాళ్లు లేరు, పనిలోనే పట్టుబడింది.

కొల్లేటి అంచున ఒక లంక ఊరి నుంచి కబురొచ్చింది. ఇరవయ్యేళ్ల కిందటి జర్మనీ యుద్ధానికి వెళ్లిన తమ ఊరివాళ్ల పేర్లతో రాతిస్తంభం చెక్కించారు. దానికోసం కట్టిన దిమ్మ ఒండ్రులో ఒక పక్కకి ఒరిగిపోయింది. ఇంకోసారి ఒరిగితే రాయిని ఏలూరులో పెట్టించేద్దామని పెద్దలు తీర్మానించారు.

"ఏలూరు దాకా నేను నడవలేను బాబూ" అంది, నేను ఆ ఊళ్లో దిగగానే ఎదురొచ్చిన ముసలి మస్తానమ్మ. కొడుకు ఆ యుద్ధంలోనే, సముద్రాల అవతల బస్రాలో పోయాడు. గోరీ ఎక్కడుందో తెలియదు. ఆమెకు ఈ రాయే గోరీ.

పాత దిమ్మ తీయించాను. బావులకు వాడే మట్టి ఒరలు గట్టినేల తగిలేదాకా దింపించి, ఇసుక దట్టించి, కొత్త దిమ్మ కట్టించాను. ఇక మిగిలింది లోడ్ టెస్ట్: రాయికంటే ఎక్కువ బరువు ముందే పెట్టి చూడటం. ఇసుక బస్తాలు అడిగాను.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన హవల్దారు సూర్రాజు గారు నవ్వారు. "బస్తాలెందుకండీ, మేం లేమా? ట్రైనింగులో ఎండలో నిలబెట్టి నిలబెట్టి మమ్మల్ని స్తంభాలే చేశారు."

రాయి పాతికమంది బరువుంటుంది. నలభైమందిని ఎక్కించాం. హవల్దారు గారు వరసలు తీర్చారు.

"ఏవండీ, కరణంగారిని ఇద్దరి కింద రాసుకోండి" అన్నారెవరో.

దిమ్మ అంచున స్పిరిట్ లెవెల్ పెట్టాను. గాజుగొట్టంలో గాలిబుడగ ఉంటుంది, దిమ్మ ఒరిగితే అది జరుగుతుంది. కాసేపటికి వెంట్రుకవాసి జరిగింది. నవ్వులు ఆగిపోయాయి.

"ఏమయింది బాబూ?" అంది మస్తానమ్మ.

"సర్దుకుంటోందమ్మా. ఆగుతుందో లేదో చూడాలి."

ఆమె దిమ్మ ఎక్కడం మొదలుపెట్టింది.

"వద్దమ్మా, మనుషులు సరిపోయారు."

"వాడి పేరు మోసే దిమ్మ నన్ను మొయ్యదా?"

హవల్దారు గారు పక్కకు జరిగి, చెయ్యందించి, ముందువరసలో చోటిచ్చారు. పొద్దుగుంకేదాకా మనుషులు వంతులు మార్చుకున్నారు. ఆమె మాత్రం దిగలేదు, అలిసిపోయి అక్కడే కూర్చుంది. బుడగ మళ్లీ కదల్లేదు.

"రాయి ఇక్కడే ఉంటుందమ్మా" అన్నాను.

ఆమె నెమ్మదిగా దిగి, మోకాళ్లు పట్టుకుంది. "అయితే వెళ్లి పొయ్యి వెలిగించుకుంటాను బాబూ. పొద్దుటినుంచి ఏమీ తినలేదు."

పరీక్ష నేలకేనని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఎక్కడ లోడ్ టెస్ట్ పెట్టినా, ఆ పని గురించి నిద్రపట్టనివాళ్లను ముందుగా పిలిపిస్తున్నాను. నాకు కాగితం మీద లెక్క కుదిరితే చాలు. వాళ్లకు కాళ్ల కింద తెలియాలి.