ఆఫ్రికా బట్ట

కోరుట్ల కాలేజీలో నేను ఎకనామిక్స్ చెబుతాను. ఆఫ్రికా పాఠం వస్తే నాకు ఒళ్లు మండుతుంది. అమెరికా, చైనా సుంకాలతో కొట్లాడుకుంటాయి, అమ్ముడుపోని సరుకు పోయి ఆ ఖండం మీద పడుతుంది. అక్కడి సర్కారు సుంకం పెంచితే పేదవాడికి బట్ట ప్రియం, పెంచకపోతే సొంత మిల్లులు మూత. పిల్లలు శ్రద్ధగా రాసుకుంటారు. సిరిసిల్లలో మా అన్న షెడ్డు గురించి వాళ్లకు చెప్పను.

అన్న మరమగ్గాల మీద నేసింది ఆఫ్రికాకు పోయే బట్టే. ముంబై సేటు నూలు పంపి, బట్ట తీసుకుని ఓడ ఎక్కించేవాడు. ఆఫ్రికాలో పెళ్లిళ్లు ఏ నెలల్లో అవుతాయో మా వదిన ఆరా తీసేది, పని ఎప్పుడు ఎక్కువుంటుందో తెలియాలని.

ఒకసారి నూలు రాలేదు. చైనా బట్ట అక్కడ అగ్గువకు దిగిందని, పైగా బయటి బట్ట అంతటి మీదా అక్కడి సర్కారు సుంకం పెంచే మాట నడుస్తోందని సేటు ఫోన్‌లో చెప్పాడు. కొన్నాళ్లు ఆగమన్నాడు.

మగ్గం మీది నిలువు పోగులు, అంటే పడుగు, అయిపోయినా మావాళ్లు కొసలు కోయరు. మగ్గంలోనే వదిలి, కొత్త పడుగు పోగులను వాటికి అతుకుతారు. కొసలు కోస్తే ఆ పని మళ్లీ రాదని మా నాయన నమ్మకం. అన్నదీ అదే.

అప్పుడే పక్క వీధి యజమాని స్కూలు యూనిఫాం బట్ట పని తెచ్చాడు. దాని పోగుల లెక్క వేరు, పాత కొసలు కోయాల్సిందే.

"సేటు మాటిచ్చిండు. జర ఆగుత" అన్నాడు అన్న.

"నీ కొసలు జూసి గా దేశాలు కొట్లాట ఆపుతయా అన్నా?" అని గయ్యిమన్నాను.

"సుంకం పెంచితె బీదోళ్లు తిడతరని నువ్వే అంటివి గద చెల్లె. గందుకే పెంచరనుకున్న."



సుంకం పెంచారు. అక్కడా మగ్గాలున్నాయి, వాటి మీద బతికేవాళ్లున్నారు. వాళ్ల సర్కారు తప్పు చేసిందని నేను అనలేను. తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరకకపోవడమే నాకు ఎక్కువ బాధ.

యూనిఫాం పని అప్పటికే వేరే షెడ్డుకు పోయింది. అన్న ఇప్పుడు ఆ షెడ్డులోనే కూలికి పోతున్నాడు. మగ్గాలను తుక్కు కింద అమ్మిన రోజు నేను అక్కడే ఉన్నాను. బండి రాకముందే బ్లేడు తీసుకుని కొసలన్నీ తనే కోశాడు. వదిన లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

చేతులు దులుపుకుని నా పక్కన కూర్చున్నాడు.

"గా ఆఫ్రికోళ్లకైన పని దొరికిందా చెల్లె?"

తెలియదన్నాను. నిజంగానే నాకు తెలియదు.