ముసలాయన జేబులో ఫ్యూజు

నాది పుట్టుకతోనే అనుమానపు బుద్ధి. పాలవాడు పాలల్లో నీళ్లు కలుపుతాడని అందరూ అనుకుంటారు. ఆ నీళ్లయినా మంచివో కావోనని నేను అనుకునేవాణ్ని. అలాంటివాడికి ఆ ముసలాయన పొరుగున దొరకడం మా ఇద్దరి ఖర్మ.

తొంభైల్లో సూరత్‌లోని బమ్రోలిలో, ఒకే వరసలో ఆరు గదులున్న చోట ఉండేవాళ్లం. అందరం తెలంగాణ నుంచి మరమగ్గాల కార్ఖానాల్లో సాంచెలు నడపడానికి వచ్చినవాళ్లమే. ఆరు గదులకూ కలిపి నడవాలో ఒకటే కరెంటు బోర్డు. చివరి గదిలో ముసలాయన ఒంటరిగా ఉండేవాడు. ఒకప్పుడు కార్ఖానాల్లో సాంచెలు బాగుచేసిన మనిషి. వాన గట్టిగా పట్టి, వెనకనున్న మురికివాగు, అక్కడివాళ్లనే ఖాడీ, పొంగి నీళ్లు సందులోకి వచ్చేలా ఉంటే చాలు, వచ్చి బోర్డులోంచి ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాడు. ఎవరినీ అడిగేవాడు కాదు. నీళ్లు పూర్తిగా తీసేదాకా ఇచ్చేవాడూ కాదు.

"నీళ్లు, కరెంటు ఒక్కింట్ల ఉండొద్దు బిడ్డా," అని మా ఆవిడతో అనేవాడు.

ఆమె నమ్మేది. వానాకాలం రాకముందే మంచం కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టేది. బియ్యం డబ్బా అటక ఎక్కేది. రేషన్ కార్డూ అగ్గిపెట్టే చీరల ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని మేకుకు వేలాడేవి. ఇక కరెంటు సంగతి ముసలాయన చూసుకుంటాడని ఆమె ధీమా.

నాకు ఆ ధీమా లేదు. ఆయన ఇంటి మాలిక్‌తో కలిసి చాయ్ తాగేవాడు. కరెంటు బిల్లు కట్టేది మాలిక్. మమ్మల్ని ఉక్కపోతలో కూర్చోబెడితే మాలిక్‌కు లాభం, ఈయనకు చాయ్. నా లెక్క అలా కుదిరింది. ఒకసారి ఆయన ఫ్యూజు పీకేశాక, వాన మబ్బుకు గదులన్నీ మసకబారిన మధ్యాహ్నం, ఆయన తలుపు కింద వెలుతురు కనిపించింది. దొరికాడనుకుని తొంగిచూశాను. కొవ్వొత్తి. నాలాంటివాళ్లు చూడాలనే వెలిగించి పెట్టాడని అనుకున్నాను.

"నువ్వు నీ నీడను గూడ నమ్మవు," అంది మా ఆవిడ.

ఆ వారమే అలాంటి పింగాణీ ఫ్యూజు ఒకటి కొని, తీగ చుట్టి, అటక మీద దాచాను. ఆమెకు చెప్పలేదు.

కొన్నాళ్లకు ఒక రోజు, కార్ఖానాలో రాత్రి పాళీ ముగించుకుని పొద్దున్నే ఇల్లు చేరాను. అప్పటికే జడివాన. ముసలాయన ఫ్యూజు పీకడం నేనూ చూశాను, మా ఆవిడా చూసింది. నాకు నిద్ర కావాలి, నిద్రకు ఫ్యాను కావాలి. ఆయన తన గదిలోకి వెళ్లగానే పోయి నా ఫ్యూజు పెట్టాను. ఏమీ వెలగలేదు. వీధి మొత్తానికే కరెంటు పోయింది. ఉసూరుమని వచ్చి మంచం మీద పడ్డాను. ఫ్యూజు తీయలేదు.

ఈ మాట ఎన్నిసార్లు తలుచుకున్నా సిగ్గేస్తుంది. కార్ఖానాలో కరెంటు పోతే మా చెయ్యి మొదట స్విచ్ మీదికే పోతుంది. ముందు దాన్ని బంద్ చేశాకే చెమట తుడుచుకుంటాం. లేకపోతే తెగిన దారం ముడివేస్తుండగా కరెంటు తిరిగొచ్చి, సాంచె కదిలి వేళ్లు పోతాయి. ఏళ్ల తరబడి నిద్రమత్తులో కూడా తప్పని చెయ్యి ఇంట్లో తప్పింది.

కాసేపటికి నీళ్లు గడప దాటి లోపలికి వచ్చాయి. పొయ్యి పైకెత్తడానికి మా ఆవిడ చీలమండల లోతు నీళ్లలోకి దిగింది. ఫ్యూజు ముసలాయన జేబులో ఉందన్న ధైర్యంతోనే దిగింది. టేబుల్ ఫ్యాను వైరు తగిలించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు మంచం కింద నీళ్లలో ఉంది.

కరెంటు వచ్చింది. ఆమె అరవబోయింది గానీ గొంతు పెగల్లేదు. కాళ్లు బిగుసుకుని గోడకు ఒరిగిపోయింది. నేను చెయ్యి చాచాను.

"ముట్టకు! ముట్టకురా!" తన గదిలో బల్బు వెలగగానే నడవాలోకి ఉరికొచ్చిన ముసలాయన అరిచాడు. అలా అరుస్తూనే ఫ్యూజు లాగేశాడు.

ఆమె బతికింది. మంచం మీద కూర్చోబెట్టి కాళ్లు రుద్దాను. అంత భయం నేను మళ్లీ ఎరగను.

ఆరు గదులవాళ్లూ గుమ్మంలో చేరారు. ముసలాయన ఒక ఫ్యూజు జేబులోంచి తీశాడు. రెండోది చేతిలోనే ఉంది.

"నాది నా దగ్గర్నే ఉన్నది. మరి గిదెవలది?"

మాలిక్ పనే అయి ఉంటుందని ఒకరన్నారు. ఇంకొకరు తలూపారు. ఆ అబద్ధం వెనక దాక్కుందామని ఒక్క క్షణం ఆశపడ్డాను కూడా. కానీ మా ఆవిడ అప్పటికే నా మొహం చూస్తోంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా కళ్లు అటక మీదికి పోయాయి.

"నాదే," అన్నాను.

ముసలాయన నా ఫ్యూజు కూడా తన జేబులో వేసుకున్నాడు. మా ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

వారం తిరక్కముందే మళ్లీ ఖాడీ పొంగింది. ఈసారి నేనే ముందు పరుగెత్తి బోర్డు చూసి వచ్చాను.

"ఫ్యూజు తీసే ఉన్నది. జర నిమ్మళంగ దిగు," అన్నాను.

ఆమె కాళ్లు పైకి ముడుచుకుని మంచం మీదే కూర్చుంది. నన్ను దాటి నడవాలోకి చూసి పిలిచింది.

"తాతా, నువ్వొకసారి చూసి చెప్పు. గీయన చెప్తే నేను కాలు కింద పెట్ట."